దేవుని కుండ, ఇంటి బాన

మా పాలెంలో ఏది క్రైస్తవుల ఇల్లో తెలుసుకోవడానికి తలుపు మీద సిలువ వెతకనక్కరలేదు. పొయ్యి మూలకు తొంగి చూస్తే చాలు. జొన్నలు పోసుకునే పెద్ద బాన పక్కనే, మూతికి తెల్లగుడ్డ కట్టిన చిన్న కుండ ఒకటి కనబడుతుంది. అది దేవుని కుండ. ఇంటావిడ పొద్దున ఇసురురాయి ముందు కూర్చునేలోపల బానలోంచి పిడికెడు జొన్నలు తీసి, గుడ్డ విప్పి, ఆ కుండలో పోసి, మళ్లీ కట్టేస్తుంది. ఒకసారి అందులో పడిన గింజ తిరిగి బానలోకి రాకూడదు. మా వాళ్లు కోడిని దొంగిలించినవాణ్ణి క్షమించారు, తాగి వచ్చి ప్రార్థనలో పడిపోయినవాణ్ణి క్షమించారు. దేవుని కుండలో చెయ్యి పెట్టినవాళ్లను క్షమించే సందర్భం మాత్రం అప్పటిదాకా రాలేదు, ఎందుకంటే అంతవరకూ ఎవరూ పెట్టలేదు.

ఉరవకొండ నుంచి దేవదానం అయ్యగారు సైకిలు మీద వచ్చిన ఆదివారం కుండలన్నీ మందిరానికి పోయేవి. అక్కడ పెద్ద గంపలోకి వంచేవాళ్లు. ఆ గింజలమ్మితేనే అయ్యగారి జీతం, మందిరంలో దీపానికి కిరసనాయిలు. అయ్యగారు లేని వారం గంప ముట్టేది లేదు. వెనక ఒకసారి ఆయన రాకపోతే ఉపదేశి ఆదెప్ప తానే గంప పట్టాడు. ఉపదేశి అంటే అయ్యగారు లేని దినాల్లో ప్రార్థన నడిపించి వాక్యం చదివేవాడు. ఆ వారం ఆదెప్ప ఇంట్లో రొట్టెలు కాస్త లావుగా కాల్చారని ఎవరో అన్నారు. ఆ మాట ఆదెప్ప గుండెలో ముల్లయి కూర్చుంది. అయ్యగారు ఎదురుగా లేనిదే గంప తాకనని ఆయన తీర్మానం చేసుకున్నాడు. ఒట్టు పెట్టుకోకూడదని తానే బోధిస్తాడు కాబట్టి దాన్ని ఒట్టు అనలేదు.

పాలెంలో చదవడం వచ్చింది ఆదెప్పకే. ఆయన ఒక్కొక్క మాట చదివితే జనమంతా వెనకాలే అనేవాళ్లు. అట్లా అనీ అనీ వాక్యం నోటికి వచ్చేసేది. గంప లేచే ఆదివారం చదివేది ఎప్పుడూ ఒకే భాగం. కరువు కాలంలో ఒక విధవరాలు ఊరి గవిని, అంటే ఊరి వాకిలి, దగ్గర కట్టెలు ఏరుకుంటూ ఉంటుంది. ప్రవక్త వచ్చి రొట్టె అడుగుతాడు. తొట్టిలో పట్టెడు పిండి, బుడ్డిలో కాస్త నూనె తప్ప ఏమీ లేవని, అవి వండుకుని తానూ తన కొడుకూ తిని ఇక చావడమేనని ఆమె చెబుతుంది. ముందు నాకొక చిన్న రొట్టె చేసి తీసుకురా, తరువాత మీకు చేసుకో, దేవుడు భూమి మీద వాన కురిపించే దినం వరకు నీ తొట్టిలో పిండి తక్కువ కాదు అంటాడు ప్రవక్త.

ఆ మాట దగ్గర అయ్యగారు కుర్చీలోంచి లేచి గంప చేతికి తీసుకునేవారు. ఆయన లేవడం చూసి ఆదెప్ప గ్రంథం మూసేవాడు. అందులో కుట్రేమీ లేదు. కానుక ముందర చదివే భాగం కానుక మాట దగ్గర ఆగడం అందరికీ బాగానే ఉండేది. ఇన్నేళ్లలో ఆ తరువాత ఏమైందని అడిగినవాళ్లు లేరు. కాబట్టి ఆ కథ మా పాలెంలో అందరికీ నోటికి వచ్చు, అక్కడి వరకే వచ్చు.

సుంకమ్మకు ఆ కథంటే ప్రాణం. ఆమె కూడా విధవరాలు. కొండన కట్టెలు ఏరి ఉరవకొండలో అమ్ముకునేది. ఆమెకూ ఒక్కడే కొడుకు, ఓబన్న. "ఆ కత నాది, ఎవరో రాసుకున్నారు" అనేది. బాప్తిస్మంలో అయ్యగారు ఆమెకు శాంతి అనే అర్థంలో సమాధానమ్మ అని పేరు పెట్టారు. ఆమె నోటి సంగతి తెలిసిన పాలెం ఆ పేరును ఒక్కరోజు కూడా వాడలేదు. నీళ్ల దగ్గర సుంకమ్మ కడవ ముందుకు వస్తే పక్క కడవలు వాటంతట అవే జరిగేవి. కానీ ఆమె పిడికిలి పెద్దది. దేవుని కుండలో పోసేటప్పుడు వేళ్ల సందుల్లోంచి గింజలు రాలేటంత నిండుగా తీసేది. ఆ సంగతి అందరికీ తెలుసు, తెలియనివాళ్లకు ఆమే చెప్పేది.

ఓబన్నకు కణేకల్లు పిల్లను చేసుకున్నారు. పిల్ల పేరు హనుమంతమ్మ. పుట్టింటివాళ్లు ఆంజనేయునికి మొక్కేవాళ్లు. పెళ్లికి ముందే బాప్తిస్మమిచ్చి, గ్రంథంలో అత్తను విడవని కోడలి పేరున రూతమ్మ అని పేరు మార్చారు. సమాధానమ్మ ఇంటికి రూతమ్మ కోడలుగా వచ్చిందని అయ్యగారు పెళ్లిలో చక్కగా ప్రసంగించారు. పాలెం మాత్రం సుంకమ్మ ఇంటికి హనుమంతమ్మ వచ్చిందనే అనుకుంది. కణేకల్లులో కాలవ నీళ్లున్నాయి, వరి ఉంది. అన్నం తిని పెరిగిన పిల్ల జొన్నరొట్టె తట్టడం నేర్చుకునేసరికి అత్త నోరు బాగా పనిచేసింది. పిల్ల తిరిగి మాట అనేది కాదు. ప్రార్థనలో అందరికంటే ఆలస్యంగా కళ్లు మూసుకునేది, అందరికంటే ముందు తెరిచేది. "దీనికింకా నమ్మకం కుదర్లేదు" అని సుంకమ్మ పదిమందిలో అనేసేది. అనడానికి ఆమెకు మొహమాటం లేదు, వినడానికి కోడలికి వేరే చోటు లేదు.

డెబ్బై రెండులో వాన మొహం చాటేసింది. విత్తిన శెనక్కాయ మొలిచి, పూత రాకముందే మాడిపోయింది. రెండోసారి విత్తడానికి ఎవరిదగ్గరా విత్తనం లేదు. చేలల్లో కూలి లేదు. ఓబన్న, బిడ్డ పుట్టిన కొద్దిదినాలకే, పని వెతుక్కుంటూ బళ్లారి వైపు పోయాడు. వెళ్లేముందు బాననిండా జొన్నలు పోసి పోయాడు. అవి అయిపోయేలోపు వస్తానన్నాడు. అది తాను ఇచ్చిన మాటో, తల్లిని ఊరడించిన మాటో అతనికే తెలియాలి.

క్రిస్మస్ దాటాక దేవదానం అయ్యగారికి కామెర్లు పట్టుకున్నాయి. ఆయన రావడం ఆగిపోయింది. దాంతో గంప లేవలేదు, కుండలు ఇళ్లలోనే ఉండిపోయాయి. ఆదెప్ప ఆదివారాలు ప్రార్థన చేయించాడు, పాటలు పాడించాడు, గంప వంక కూడా చూడలేదు. మా పాలెంలో అప్పుడొక వింత జరిగింది. ప్రతి ఇంట్లోనూ బాన రోజురోజుకూ తరిగిపోతోంది, పక్కనే దేవుని కుండ నిండుతోంది. పిల్లలు ఆ రెండింటి మధ్య కూర్చుని ఆకలికి ఏడుస్తున్నారు. ఎవరికీ అందులో వింత కనబడలేదు. దేవునిది దేవునిది, మనది మనది.

సుంకమ్మ బాన కూడా తరిగింది. మోచేతి దాకా చెయ్యి పెడితేగాని గింజ తగలని రోజు వచ్చింది. ఆమె తన పిడికిలిని అనుమానించింది. వేళ్లు బిగించి తీస్తున్నానేమో, దేవుడు చూసి వాగ్దానం వెనక్కి తీసుకున్నాడేమో అనుకుంది. మరుసటి రోజు నుంచి పిడికిలి ఇంకా వదులు చేసి, ఇంకా నిండుగా తీయడం మొదలుపెట్టింది. ఆ లోటు పూడ్చడానికి తన తిండి మానేసింది. కోడలికి రొట్టె పెట్టి, "నాకు ఉపవాస ప్రార్థన" అనేది. మరునాడూ ఉపవాసమే, ఆ మరునాడూ ఉపవాసమే. ఎప్పుడో సాయంత్రం ఒక గుక్కెడు గంజి తాగేది. కొండన కట్టెలు ఏరడానికి మాత్రం రోజూ పోయేది.

ఆమె కొండకు పోయిన ఒక మధ్యాహ్నం హనుమంతమ్మ దేవుని కుండ గుడ్డ విప్పింది. రెండు పిడికిళ్ల జొన్నలు తీసి బానలో పోసింది. గుడ్డను అత్త కట్టినట్టే కట్టింది. మరుసటి మధ్యాహ్నం కూడా అదే పని చేసింది. అత్త పొద్దున బానలోంచి కుండలోకి పోస్తే, కోడలు మధ్యాహ్నం కుండలోంచి బానలోకి పోసేది. అవే గింజలు ఆ ఇంట్లో ఒక మూల నుంచి అదే మూలకు ఊరేగుతూ వచ్చాయి. అత్త పోసే దానికంటే కోడలు తీసేది ఎక్కువ కాబట్టి, నెలల తరబడి పోగైన దేవుని గింజలు మెల్లగా ఇంటి గింజలయ్యాయి.

సుంకమ్మకు కంటిచూపు తగ్గింది. బానలో ఎంతుందో చేత్తో తడిమి చూసుకోవడమే అలవాటు. దేవుని కుండలో మాత్రం చెయ్యి పెట్టదు, పైనుంచి పోసి గుడ్డ కట్టేస్తుంది. ఒక పొద్దున తడిమితే మోచేతి దాకా పోకుండానే గింజ తగిలింది. మరుసటి వారం అంతే. ఆ మరుసటి వారమూ అంతే. ఆమె బాన ముందు మోకాళ్లు వేసింది.

"ఏమే, ఈడ చెయ్యి పెట్టి సూడు! తరగలేదే! వాక్యం నా ఇంట్లో జరుగుతాండాదే!"

హనుమంతమ్మ బిడ్డను ఎత్తుకుని వచ్చి చూసింది. "అవునత్తా" అంది.

"ఇంగ ఉపవాసమెందుకే? దేవుడే పెడతాంటే తినకపోతే ఆయనకు కోపం రాదా? నాకూ ఒక రొట్టె తట్టు."

ఆ రోజు సుంకమ్మ పొయ్యి ముందే కూర్చుని, మిరపకాయ కారం అద్దుకుని రొట్టె అంతా తింది. హనుమంతమ్మ ఆమె తినడం చూస్తూ కూర్చుంది. చెప్పేద్దామనుకున్న మాటను ఆ రొట్టె అయిపోయేదాకా ఆపింది. తరువాత ఇక చెప్పలేకపోయింది.

ఆదివారం మందిరంలో సుంకమ్మ సాక్ష్యం చెప్పింది. బండల మిద్దె అది, మామూలు మాటే రెండింతలై వినబడుతుంది. సుంకమ్మ మాట ఊరి పక్కనున్న ఎండిన వంక అవతల మేకలు కాసేవాళ్లకు కూడా వినబడి ఉంటుంది. కరువులో తన బాన తరగలేదని, కట్టెలేరుకునే ఆ విధవరాలికి చేసిన మేలు దేవుడు తనకూ చేశాడని, పిడికిలి పెద్దది చేసినవాళ్లకు దేవుడు బాన పెద్దది చేస్తాడని ఆమె చెప్పింది. ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. ఆదెప్ప స్తోత్రం అన్నాడు. హనుమంతమ్మ బిడ్డ తల మీద చెంగు కప్పి, తలెత్తకుండా కూర్చుంది.

ఆ సాక్ష్యం అక్కడితో ఆగి ఉంటే ఇంత గొడవ లేదు. పక్కింటి రామాంజినమ్మకు ఇంటినిండా పిల్లలు. ఆమె మరుసటి పొద్దున దేవుని కుండలో రెండు పిడికిళ్లు పోసింది. ఆమెను చూసి మరో ఇంట్లో, వాళ్లను చూసి ఇంకో ఇంట్లో. పాలెంలో పిడికిళ్లు పెద్దవయ్యాయి, రొట్టెలు చిన్నవయ్యాయి. రామాంజినమ్మ ఇంట్లో రొట్టె పోయి గంజి వచ్చింది. హనుమంతమ్మ ఆ పిల్లలు గంజి గిన్నె వేలితో తుడిచి నాకడం గోడ మీదుగా చూసింది. ఆమెకు భయం పట్టుకుంది.

"అక్కా, ఒక పిడికిలి చాల్లేక్కా" అంది గోడ దగ్గర నిలబడి.

"మీ అత్త బాన నిండాల్న, నా బాన ఎండాల్నా? బాగుండాదే నీ మాట!" అంది రామాంజినమ్మ.

వేసవి ముదిరాక ఒక శనివారం కబురొచ్చింది. అయ్యగారికి నయమైంది, రేపు వస్తారు, కుండలన్నీ తీసుకురావాలి. సుంకమ్మ ఆనందానికి పట్టపగ్గాల్లేవు. తన కుండ అన్నిటికంటే ముందు వంచాలని, అయ్యగారి ముందు మళ్లీ సాక్ష్యం చెప్పాలని కొండకు పోతూ దారంతా చెప్పుకుంటూ పోయింది. హనుమంతమ్మ గుడ్డ విప్పి చూసింది. కుండ అడుగున ఆ పొద్దున అత్త పోసిన పిడికెడు మాత్రమే ఉంది. ఆమె గంప తీసుకుని ఎండిన వంకలోకి దిగింది. ఇసుక సన్నగా, బరువుగా ఉంది. అడుగున ఇసుక, పైన గింజలు పోస్తే ఎత్తేటప్పుడు తెలియదు. ఆమె గంపనిండా ఎత్తుకుని ఇంటి గడప దాకా వచ్చింది. గడప దగ్గర నిలబడి కాసేపు ఆలోచించింది. తీసింది తినడానికి తీసింది, ఇది పోస్తే అబద్ధమాడటానికి పోసినట్టు. ఇసుక వాకిట్లో పారబోసి, గంప దులిపి గోడకు ఆనించింది.

ఆదివారం పొద్దున మందిరం ముందు వేలాడదీసిన రైలుపట్టా ముక్క మోగింది. సుంకమ్మ ఉతికిన కోక కట్టుకుని, తల మీద గుడ్డచుట్ట పెట్టుకుని, వంగి దేవుని కుండను ఎత్తింది. కుండ చేతుల్లోకి గాలికి లేచినట్టు లేచింది. ఆమె దాన్ని ఒకసారి కదిలించింది. కోడలి వైపు తిరిగింది.

"ఏమే, ఇందులోవి యాడ పోయినాయి?"

"బానలోకి" అంది హనుమంతమ్మ.

సుంకమ్మకు అంతా ఒక్కసారిగా అర్థమైంది. పొయ్యిలో కట్టె తీసుకుని కొట్టాలన్నంత కోపం వచ్చింది. దేవుని సొమ్ము దొంగతనమైందన్న కోపం ఒకటి. పదిమందిలో తాను చెప్పిన సాక్ష్యం అబద్ధమైందన్న కోపం ఇంకొకటి. ఉన్నమాట చెప్పాలంటే రెండోదే ఎక్కువ మండింది. ఇన్నేళ్ల భక్తిలో దేవుడు తన ఇంటికి వచ్చాడని ఒక్కసారి అనుకుంది. వచ్చింది దేవుడు కాదు, కణేకల్లు పిల్ల.

"ఆరాధన అయినాక నీ మూట కట్టుకో" అంది. అరవలేదు. ఆమె అరవకపోవడం చూసి కోడలికి ఇంకా భయమేసింది. "పిల్లోణ్ణి ఎత్తుకుని కణేకల్లు బస్సెక్కు. ఓబన్న వచ్చినాక తీసుకురావల్నో వద్దో వాడు సూసుకుంటాడు. ముందు మందిరానికి నడువు. నువ్వు చేసింది అయ్యగారి ముందు నీ నోటితోనే చెప్పల్ల."

అత్త తల మీద ఖాళీ కుండతో ముందు నడిచింది. కోడలు బిడ్డతో వెనక నడిచింది. దారిలో కలిసినవాళ్లు కుండను చూసి స్తోత్రం చెప్పారు.

అయ్యగారు కుర్చీలో వెనక్కి ఆని కూర్చున్నారు. మనిషి సగమయ్యారు. కళ్లలో పచ్చదనం ఇంకా పోలేదు. గంప ఆయన కాళ్ల దగ్గర ఉంది. ఆడవాళ్లు కుండలను వరసగా ముందు పెట్టి కూర్చున్నారు. పాట అయ్యాక సుంకమ్మ లేచింది.

"ఆదెప్పా, ముందు ఆ వాక్యం సదువు. దేవునికి ముందు పెట్టేది ఏందో అందరూ విననీ. ఆ తర్వాత మా ఇంటి సంగతి చెప్పేది ఉండాది."

ఆదెప్ప గ్రంథం తెరిచాడు. ఆయన ఒక్కో మాట చదువుతుంటే జనం వెనకాలే అన్నారు. కట్టెలేరుకునే విధవరాలు వచ్చింది, ప్రవక్త వచ్చాడు, పట్టెడు పిండి వచ్చింది. ముందు నాకొక చిన్న రొట్టె అన్న మాట దగ్గర సుంకమ్మ కోడలి వైపు చూసి మరీ గట్టిగా అంది. వాన కురిపించే దినం వరకు తొట్టిలో పిండి తక్కువ కాదన్న మాట దగ్గరకు వచ్చి ఆదెప్ప అలవాటుగా అయ్యగారి వైపు చూశాడు.

అయ్యగారు లేవలేదు. లేచే ఓపిక లేక కళ్లు మూసుకుని కూర్చున్నారు. ఆయన లేవనిదే ఆపడం ఆదెప్పకు తెలియదు. అందుకని ఆయన వేలు తరువాతి వరస మీదికి జరిగింది.

ఆమె పోయి ప్రవక్త చెప్పినట్టు చేసిందని చదివాడు. జనం అన్నారు, కానీ గొంతులు తడబడ్డాయి. అలవాటు లేని మాట. ఆమె, అతడు, ఆమె ఇంటివాళ్లు అనేక దినాలు తిన్నారని చదివాడు. ఈసారి సగం మందే అన్నారు. సుంకమ్మ అనలేదు.

"ఆదెప్పా, ఆపు. ఆ మాట మళ్లా సదువు."

ఆదెప్ప మళ్లీ చదివాడు.

"ఇంటోళ్లు తిన్యారా?"

"తిన్యారనే ఉండాదక్కా."

"ఎన్ని దినాలు?"

"అనేక దినాలని ఉండాది."

"ఆ తొట్టిలోకి పిండి ఎట్లొచ్చిందో రాసిండారా?"

ఆదెప్ప వేలు కిందికి పోయింది, మళ్లీ పైకి వచ్చింది. "లేదక్కా. తక్కువ కాలేదని రాసిండాది, అంతే."

"ఎవరు పోసినారో?"

"అదీ లేదు."

సుంకమ్మ నిలబడిపోయింది. బాప్తిస్మం తీసుకున్న నాటి నుంచి ఆమె దేవుడు పొద్దున్నే వచ్చి తన వాటా ముందు కొలిపించుకునేవాడు. ఆయనకు పెట్టడం ఆమెకు తెలుసు. నిండుగా పెట్టడం తెలుసు. తాను ఎండి పెట్టడం కూడా తెలుసు. ఆయన ఆ ఒక్క చిన్న రొట్టె అడిగింది ఒక ఇంటిని కూర్చోబెట్టి అనేక దినాలు తినిపించడానికని ఆమె ఇన్నేళ్లూ వినలేదు. ఆ మాట అదే గ్రంథంలో, అదే పుటలో, తాను నోటికి నేర్చుకున్న మాటకు ఒక్క వరస కిందే ఉంది. ఆమెకు ముందు సిగ్గేసింది. తరువాత సంతోషమేసింది.

ఆమె కుండకు కట్టిన గుడ్డ విప్పి, కుండను గంప మీద తలకిందులుగా వంచింది. పిడికెడు జొన్నలు గంప అడుగున గలగలమని రాలాయి. మరి ఏమీ రాలలేదు.

"యో దేవుడా, ఖాళీ!" అంది రామాంజినమ్మ.

"ఖాళీనే" అంది సుంకమ్మ. "నా బాన తరగలేదని ఈడ నిలబడి సాక్ష్యం చెప్పినా. అది నిజమే. పోసింది నా కోడలు. నేను పొద్దున కుండలో పోస్తే ఇది మధ్యాన్నం తీసి బానలో పోసింది. ఇంటోళ్లు తిన్యారు. నేనూ తింటి. దొంగతనమని చెప్పి దీన్ని మీ ముందర నిలబెట్టల్లని వచ్చినా, దీన్ని ఇంట్లోంచి వెళ్లగొట్టల్లని వచ్చినా. ఇప్పుడు చెప్తాండా, వినండి. నేను చెప్పిన సాక్ష్యం వాపసు తీసుకునేది లేదు."

ఎవరో నవ్వబోయి మానుకున్నారు. రామాంజినమ్మ మాత్రం లేచి నిలబడింది.

"నీ సాక్ష్యం ఇనే కదా నేను రెండు పిడికిళ్లు పోస్తి! నా పిల్లోళ్లు నీళ్లగంజి తాగినారు. నా బానలోకి ఎవరు పోయల్ల?"

సుంకమ్మకు ఎవరైనా ఎదురు మాట్లాడితే ఊరుకున్న చరిత్ర లేదు. ఆ రోజు తల దించుకుంది. "నీ పిల్లోళ్ల ఉసురు నాకే తగలల్ల. తెలియక చెప్తి. నీ కుండ నీ ముందరే ఉండాది కదే. గుడ్డ విప్పు."

రామాంజినమ్మ గుడ్డ మీద చెయ్యి వేసింది గానీ విప్పలేదు. అందరూ అయ్యగారి వైపు చూశారు. అయ్యగారు కళ్లు తెరిచి చాలాసేపటి నుంచి వింటున్నారు. ఆయనకూ ఇల్లుంది, ఆ ఇంట్లోనూ బాన ఉంది, అది నింపేది ఈ గంపే.

"ఆ మాట దగ్గర లేచి గంప పట్టుకునేది నేనే" అన్నారు చివరికి. "ఈ పూట లేవలేకపోయాను గనుక తరువాతి మాట మీకు వినబడింది. నాకూ వినబడింది. ఒక్కొక్క పిడికెడు గంపలో వెయ్యండమ్మా, నేనూ తినాలి. మిగిలింది ఇళ్లకు తీసుకుపోయి వండుకోండి. వాన పడేదాకా ఇంతే."

అందరికంటే ముందు, అందరికంటే గట్టిగా స్తోత్రం అన్నది ఆదెప్ప. ఆయన ఇంట్లో కూడా నిండిన కుండ ఉంది. ఆడవాళ్లు ఒక్కొక్కరూ వచ్చి పిడికెడు గంపలో వేసి కూర్చున్నారు. రామాంజినమ్మ తన వంతు వేసి, అక్కడ నిలబడి కొంచెం ఆలోచించి, ఇంకొక పిడికెడు అయ్యగారి తువ్వాలులో విడిగా వేసింది. ఆమె చేతిని ఎవరూ ఆపలేకపోయారు.

సుంకమ్మ పదిమందితో మాట్లాడి ఇల్లు చేరేసరికి హనుమంతమ్మ ముందే వచ్చి ఉంది. వాకిట్లో పారబోసిన ఇసుక పక్కన, బిడ్డను చంకనేసుకుని నిలబడి ఉంది. కాళ్ల దగ్గర మూట ఉంది.

"ఏందే అది?"

"నువ్వే కదత్తా కట్టుకోమంటివి."

"అంటి. మందిరంలో నేను చెప్పింది నీకు ఇనబడలేదా?"

"సాక్ష్యం వాపసు తీసుకోనంటివి. నన్ను ఉండమని చెప్పలేదు."

సుంకమ్మ మూటను కాలితో లోపలికి నెట్టింది. "ఉండు. చెప్తాండా కదా, ఉండు." బాన పక్కన కూలబడింది. నడిచి వచ్చిన ఆయాసం తీరాక కాస్త మెత్తగా అడిగింది. "పిల్లోనికి పాలు చాలకనే కదా తీస్తివి? నాతో ఒక మాట చెప్పుంటే ఏమే?"

"పిల్లోనికి కాదు" అంది హనుమంతమ్మ.

"మరి?"

"నాకు రొట్టె పెట్టి ఉపవాసమంటివి. పెరట్లోకి పోయి నీళ్లు తాగి, కడుపు మీద కొంగు బిగించి కట్టుకుంటాంటివి. కట్టెలమోపు దించేటప్పుడు గోడ పట్టుకుంటాంటివి. దేవుని కుండలోవి తీసి పెడితే నువ్వు తినవు. బానలో గింజలుంటే తింటావని పోసినా."

సుంకమ్మ బుగ్గల మీద నీళ్లు కారాయి. మొగుణ్ణి సమాధి చేసిన నాడు కూడా పాలెం ఆమె ఏడుపు చూడలేదు.

"దేవుడొక్కడే సూస్తాండాడనుకుంటి" అంది.

"నేనూ సూసినానత్తా."

బిడ్డను అత్త ఒళ్లో పడుకోబెట్టి హనుమంతమ్మ ఇసురురాయి ముందుకు వచ్చింది. బానలో చెయ్యి పెట్టి, ఇద్దరికీ చాలినన్ని జొన్నలు చేటలోకి తీసింది. అందులోంచి పిడికెడు తీసి ముందు దేవుని కుండలో పోసింది. చిన్న పిడికిలి, వేళ్ల సందుల్లోంచి ఒక్క గింజ కూడా రాలలేదు. అత్త ఏమంటుందోనని ఒకసారి చూసి, తెల్లగుడ్డ అందుకుని కుండ మూతి మీద పరిచింది.

సుంకమ్మ చెయ్యి చాచి ఆ గుడ్డను పక్కకు తీసింది.

"కట్టొద్దులే. వాన పడేదాకా చెయ్యి పెట్టుకునేటట్టే ఉండనీ."